దూదికీ పెద్దమనిషికీ మధ్య గోడ

జూన్ 3

ఒరేయ్ తమ్ముడూ,

నీ కుక్క పెద్దమనిషి క్షేమం. ముందు అదే అడుగుతావని తెలుసు కాబట్టి ముందే రాసేశాను. అక్క ఎలా ఉందో తర్వాత తీరిగ్గా అడుగుదువుగాని.

నువ్వు వంతెన పనికి వెళ్ళిన మొదటి వారం పెద్దమనిషి తిండి ముట్టలేదు. నీ పాత చొక్కా మీద తల పెట్టుకుని గుమ్మం వైపు చూస్తూ పడుకున్నాడు. ఇప్పుడు నా కంచంలోకి చూస్తూ కూర్చుంటున్నాడు. అంటే బెంగ తీరినట్టే. నేను సారె తిప్పుతుంటే పక్కనే చేరి, చక్రంతో పాటు తల తిప్పీ తిప్పీ చివరికి తూలిపోతాడు. చూసి నవ్వు ఆపుకోలేక ఒక కూజా మెడ వంకర చేశాను. ఆ కూజా నీకే ఉంచాను.

ఇక అసలు సంగతి. పక్క వాటాలోకి కొత్తగా ఒక నర్సమ్మ దిగింది. ఒంటరి మనిషి. ఆవిడకొక పిల్లి. పేరు దూది, రంగు చూస్తే మసిగుడ్డ. ఆవిడ పొద్దున్నే డ్యూటీ నుంచి వచ్చి తలుపేసుకుంటుంది. పిల్లి మాత్రం బయట. వీధంతా దాని సొంతిల్లే. కాఫీ హోటలు వాళ్ళ కోసం చేసి పెరట్లో ఆరబెట్టిన కప్పుల వరస మీద మొన్న నడిచింది. నడిచింది అనకూడదు, ఊరేగింది. బంకమట్టి గుట్టను ఏ పనికి వాడుకుందో రాయను, నువ్వు అన్నం తినబోతూ ఉంటావు.

అది గోడెక్కి కూర్చుంటుంది. వీడు కింద నిలబడి మొరుగుతాడు. అది దిగదు, వీడు ఆపడు. నిన్న తలుపు కింద నుంచి చీటీ వచ్చింది: ‘రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటాను. దయచేసి మీ కుక్కను అదుపులో పెట్టుకోండి.’

దాని వెనకాలే రాశాను: ‘దయచేసి మీ పిల్లిని అదుపులో పెట్టుకోండి. నా కుక్క ఊరికే మొరగదు.’ విరిగిన కప్పు చెవులు రెండు అందులోనే పొట్లం కట్టి ఆవిడ గుమ్మంలో పెట్టొచ్చాను.

తప్పంటావా?

అక్కడ ఫోను పలకదు, సరుకుల లారీ వస్తేనే ఉత్తరం అంటున్నావు. అయినా వారానికొకటైనా రాయి. 

నీ అక్క


జూన్ 14

అక్కా,

నువ్వెలా ఉన్నావు? చూశావా, ముందు నిన్నే అడిగాను.

ఇక్కడ రేకుల షెడ్డులో పడక. పొద్దున్న లేచేసరికి నది మీద పొగమంచు. వంతెన అవతలి సగం కనిపించదు, వెల్డింగు వాళ్ళం గాల్లోకి నడుచుకుంటూ పోతున్నట్టు ఉంటుంది. భయపడకు, నడుముకి తాడుంటుంది.

కప్పు చెవులు పొట్లం కట్టి పంపావా! ఆవిడ నర్సు కదా, కట్టు కట్టి తిరిగి పంపుతుందేమో చూడు.

వేళాకోళం కాదు గానీ, చీటీల మీద మాట్లాడుకోవద్దే. చీటీకి మొహం ఉండదు, ఎవరికి తోచిన గొంతుతో వాళ్ళు చదువుకుంటారు. ఆవిడ నిద్ర లేచాక, డ్యూటీకి బయల్దేరేలోపు వెళ్ళి కలువు. కుక్క సంగతి నువ్వే ముందెత్తు. పిల్లి సంగతి ఆవిడ ఎత్తుతుంది. వాణ్ణి పొద్దున్నే బాగా నడిపించు. నడక చాలకపోతే వాడి బలమంతా గొంతులోకి ఎక్కుతుంది.

మరీ కష్టమైతే మా మేస్త్రి చెల్లెలికి తోట ఉంది, వాణ్ణి అక్కడికి పంపిద్దాం. మేస్త్రి ఎప్పుడంటే అప్పుడు జీపు పంపిస్తానన్నాడు. మొహమాటపడకు.

వంకర కూజా ఎవరికీ ఇవ్వకు.

నీ తమ్ముడు


జూన్ 22

తమ్ముడూ,

తోటకి పంపేదాకా వచ్చిందా? అమ్మ పనికి వెళ్తే నిన్ను చంకనేసుకుని తిరిగినదాన్ని నేను. నిన్ను పెంచినదాన్ని, నీ కుక్కని చూసుకోలేననుకున్నావా? ‘మొహమాటపడకు’ అన్నమాట చదివి ఉత్తరం మడిచి అవతల పెట్టేశాను. మళ్ళీ తీసి చదివితే అదే మాట, అక్కడే ఉంది.

నువ్వు చెప్పినట్టే వెళ్ళాను. ఫ్లాస్కులో టీ పోసుకుని సాయంత్రం తలుపు కొట్టాను. ఆ రోజు ఆవిడ డ్యూటీ మారిందట, నాకేం తెలుసు? తలుపు తీసిన మనిషి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

“ఇప్పుడే కన్ను మూశానండీ” అంది.

“మా కుక్క గురించి మాట్లాడదామని...”

“మాట్లాడ్డానికేముంది? మా వార్డులో చంటిపిల్లలుంటారు. మొన్న నిద్ర చాలక ఒక బాబుకి ఇవ్వాల్సిన మందు పట్టుకుని ఇంకో బాబు మంచం దగ్గరికి వెళ్ళాను. చివరి క్షణంలో చూసుకున్నాను కాబట్టి సరిపోయింది. చూసుకోకపోతే? ఎవరు జవాబు చెప్తారు, మీరా, మీ కుక్కా?”

అక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. అయినా కప్పులు గుర్తొచ్చాయి. “మీ పిల్లి మీ ఇంట్లో ఉంటే మా వాడికి మొరగాల్సిన పనేముందండీ?” అనేశాను. తలుపు పడిపోయింది. టీ నేనే తాగాను.

మర్నాడు పైవాటాలో ఉండే ఇంటాయన దిగొచ్చాడు. “చూడమ్మా, మీరిద్దరూ మంచివాళ్ళే. కానీ వచ్చే నెలాఖరుకి ఈ ఆవరణలో కుక్కా ఉండకూడదు, పిల్లీ ఉండకూడదు. కుదరదంటారా, మీరిద్దరే వేరే ఇల్లు చూసుకోండి” అన్నాడు. పక్కావిడే వెళ్ళి చెప్పి ఉంటుంది. పెరట్లో కప్పులు కాల్చే ఈ బట్టీ కట్టుకోవడానికి నేనెంత అవస్థ పడ్డానో నీకు తెలుసు. దాన్ని మూటగట్టి ఇంకో ఇంటికి మోసుకుపోతానా?

పెద్దమనిషిని ముందు గదిలో కట్టేసి తలుపేశాను. లోపల్నుంచి మూలుగుతున్నాడు. మొరుగుడే నయం అనిపిస్తోంది.

అక్క


జూన్ 28

తమ్ముడూ,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. అక్షరాలు చూసి నవ్వకు.

పిల్లి కనిపించడం లేదు.

నిన్న పొద్దున్న హోటలు వాళ్ళ కప్పులు మళ్ళీ బట్టీలో పేర్చి, వాకిలి ఇటుకలతో మూసేశాను. కట్టెలు రావాలి, వచ్చాక అంటించాలి. తర్వాత పెద్దమనిషిని ఒక్కసారి పెరట్లోకి వదిలాను. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి బట్టీ దగ్గర ఏదో గోకుతున్నాడు. మొరగబోతుంటే ఆవిడ లేస్తుందని భయపడి మెడపట్టీ పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను. గదిలోకి వచ్చాక చూస్తే మూతికి రక్తం.

సాయంత్రం నర్సమ్మ వచ్చింది. ఈసారి అరవలేదు. “మా దూది పొద్దున్నుంచీ తిండికి రాలేదండీ. ఎప్పుడూ ఇలా చెయ్యదు. మీ కుక్క ఏమైనా...” అని ఆగిపోయింది. మెడ సాచి నా భుజం మీదుగా గదిలోకి చూసింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి “మాకేం తెలియదండీ” అన్నాను. రక్తం సంగతి చెప్పలేదు.

ఇవాళ పొద్దున్నుంచీ పిలుస్తూ వీధంతా తిరుగుతోంది. ‘దూదీ, దూదీ’ అని ఆ గొంతు వింటుంటే నా కప్పులన్నీ పోయినా ఫరవాలేదు, ఆ మసిగుడ్డ గోడ మీదికి వచ్చి కూర్చుంటే చాలనిపిస్తోంది.

వాడు అలాంటివాడు కాదు కదూ? నువ్వు చెప్పు.

అక్క


జూలై 6

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే లారీలో వచ్చాయి. మొదటిది చదివి కోపం వచ్చింది, రెండోది చదివాక ఆ కోపం ఎటు పోయిందో తెలియదు.

వాడు అలాంటివాడు కాదని రాయాలని కలం పట్టుకున్నాను, రాయలేకపోతున్నాను. ఒకసారి మా పాత షెడ్డు దగ్గర ఎలకను పట్టాడు. పట్టాక ఏం చేస్తాడో నేను కళ్ళారా చూశాను. ఆడుకునేటప్పుడు నా చెయ్యి నోట్లో పెట్టుకుని నొక్కకుండా పట్టుకునేది ఆ నోరే. రెండూ నిజమేనే.

నువ్వు ఒక్కదానివీ ఆవిడ ఎదట తల వంచుకుని నిలబడడం నాకిష్టం లేదు. కుక్క నాది, తప్పు నాది. అందుకే ఈ లారీలోనే ఆవిడకి కూడా ఒక ఉత్తరం పంపుతున్నాను. ‘మా కుక్క మీ పిల్లిని చంపింది, మా అక్క భయపడి చెప్పలేకపోయింది, క్షమించండి’ అని ఉన్నదున్నట్టు రాసేశాను.

మేస్త్రి జీపు ఆ వైపు వస్తోంది. డ్రైవరు వచ్చి పెద్దమనిషిని తోటకి తీసుకెళ్తాడు. వాడు తల పెట్టుకునే నా పాత చొక్కా వాడితో పంపించు. నువ్వు మొదటి నుంచీ వాడు భారమనే అనుకుంటున్నావు, నోరు తెరిచి అనలేక కప్పులూ చెవులూ అంటూ రాశావు. నాకే అర్థం కాలేదు. నీ మీద నాకేం కోపం లేదు.

ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. అన్నం వేళ మేస్త్రి ‘నీ కుక్క ఎలా ఉందిరా’ అని అడిగితే బాగుందన్నాను.

తమ్ముడు


జూలై 12

ఒరేయ్ తొందరపాటు వెధవా,

పిల్లి బతికే ఉంది!

దొరికిన సాయంత్రమే కార్డు ముక్క రాసి పడేశాను. అది లారీ ఎక్కలేదని నీ ఉత్తరం చూశాక తెలిసింది. కూర్చుని చదువు, మొత్తం చెప్తాను.

ఆ ఉత్తరం రాసిన మర్నాడు మధ్యాహ్నం కట్టెలు దిగాయి. బట్టీ కింద పేర్చి, అంటించేముందు పెద్దమనిషిని ఒకసారి తిప్పుకొద్దామని కట్టు విప్పాను. వాడు వీధి గుమ్మం వైపు కాకుండా పెరట్లోకి దూసుకుపోయాడు. బట్టీ వాకిలి ముందు నిలబడి ఆ ఇటుకల్ని గోళ్ళతో పీకుతూ మొరిగాడు చూడూ, ఇన్నాళ్ళూ మొరిగింది మొరుగుడే కాదనుకో. నా చేతిలో అగ్గిపెట్టె. ఇంకో చేత్తో వాడి మెడపట్టీ లాగుతున్నాను, కదలడు.

నర్సమ్మ జుట్టు విరబోసుకుని గోడ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. “ఇవాళైనా పడుకోనివ్వరా నన్ను?” అని అరిచింది. అరిచి, ఠక్కున ఆగింది. “ఆగండాగండి. ఆ కుక్క నోరు ఒక్క నిమిషం పట్టుకోండి” అంది.

పట్టుకున్నాను. ఇటుకల అవతల్నుంచి దారప్పోగంత సన్నగా ఒక చప్పుడు.

ఆవిడ గోడ ఎలా దాటిందో ఇద్దరికీ గుర్తులేదు. గోళ్ళు విరిగిపోయేలా ఇటుకలు లాగేశాం. నేను బట్టీ పేర్చి మట్టి తేవడానికి వెళ్ళినప్పుడు అది వెనక మూలకి దూరి పడుకున్నట్టుంది. చూసుకోకుండా వాకిలి మూసింది నేనే. మట్టి కొట్టుకుని, నాలుక ఎండిపోయి, కప్పుల మధ్య నుంచి ఈడ్చుకుంటూ వచ్చింది. వచ్చీ రాగానే ఏం చేసిందో తెలుసా? వాసన చూడబోయిన పెద్దమనిషి ముక్కు మీద ఒక్కటిచ్చింది. వాడు కుయ్యిమని నా కాళ్ళ వెనక దాక్కున్నాడు.

వాడు దాన్ని కాపాడదామనుకున్నాడో, ఎలాగైనా పట్టుకుందామనుకున్నాడో నాకు తెలియదు.

ఇద్దరం మట్టిలోనే కూలబడ్డాం. అగ్గిపెట్టె ఇంకా నా గుప్పిట్లోనే నలిగిపోయి ఉంది. ఆవిడ దాన్ని చూసింది. నేను ఏడ్చేశాను. “మొన్న వాడి మూతికి రక్తం చూశానండీ, మీకు చెప్పలేదు” అన్నాను. ఆవిడ పిల్లికి చుక్క చుక్కగా నీళ్ళు తాగించి, ఇంట్లోకెళ్ళి తన సంచీ తెచ్చి, పెద్దమనిషి మూతి పైకెత్తి చూసింది. “ఇటుక అంచు కోసిందండీ. రెండు రోజుల నాటి గాయం. వీడు అప్పుడే చెప్పాడు, మనమే వినలేదు” అంది. తుడిచి మందు రాసింది. నీ శూరుడు చిన్నపిల్లాడిలా కళ్ళు మూసుకుని రాయించుకున్నాడు.

తర్వాత టీ పెట్టాను. ఈసారి ఇద్దరం తాగాం.

“అసలు దాన్ని పగలు బయట ఎందుకు వదుల్తారండీ?” అనడిగాను.

“లోపలుంటే తలుపు గోకుతుందండీ, నాకు నిద్ర పట్టదు. అందుకే వదిలేస్తాను.”

“అది బయటుంటే వీడు మొరుగుతాడు.”

“వీడు మొరిగితే నాకు నిద్ర పట్టదు” అంది. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వడం మొదలుపెడితే ఆపుకోలేకపోయాం. పైనుంచి ఇంటాయన కిటికీ తెరిచి, మళ్ళీ మూసేశాడు. అన్నట్టు, ఆయనకి చెప్పింది ఆవిడ కాదు. నేనే చెప్పానని ఆవిడ ఇన్నాళ్ళూ అనుకుందట! చెడింది ఆయన మధ్యాహ్నం కునుకేనట.

ఇలా ఉండగా నిన్న నీ ఉత్తరాలు దిగాయి. నర్సమ్మ పిల్లిని భుజాన వేసుకుని వచ్చి, “చనిపోయిన మా దూది మీ తమ్ముడుగారి సంతాపానికి కృతజ్ఞతలు చెప్పమందండీ” అంది. నాకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ వెనకే జీపు. డ్రైవరు తాడు పట్టుకుని లోపలికి వస్తుంటే నేను ‘ఆగు బాబూ’ అనేలోపే నర్సమ్మ అడ్డంగా నిలబడింది. “ఈ కుక్క నా రోగి. ఇంకా మందు వేస్తున్నాను. పంపడం కుదరదు” అంది. అతను నన్ను చూశాడు. “నర్సమ్మ చెప్పాక నేనేమంటాను?” అన్నాను. పాపం, వంకర కూజా కాకుండా మంచి కూజా ఒకటి అతనికి ఇచ్చి పంపాను.

వాడు నాకు భారమని ఎప్పుడన్నానురా నేను?

నెలాఖరు గడువు మాత్రం అలాగే ఉంది. ఏం చెయ్యాలో నీకు తోస్తే రాయి.

అక్క


జూలై 19

అక్కా,

కార్డు ముక్కా, జీపు డ్రైవరూ, ఉత్తరమూ మూడూ కలిసే వచ్చాయి. డ్రైవరు ఖాళీ తాడుతో దిగితే వాణ్ణి తోటలో దింపేసి వచ్చాడనుకున్నాను. అతను కూజా చూపించి “మీ అక్కగారి పక్కింటావిడ నన్ను దాదాపు కొట్టినంత పని చేసింది” అన్నాడు. తర్వాత ఉత్తరం చదివి నది ఒడ్డుకి పోయి కూర్చున్నాను. ఏడ్చానని మాత్రం అనుకోకు, పొగమంచు.

తోట మాట ఎందుకన్నానో చెప్తాను. నాకేదైనా కావాలంటే నువ్వెప్పుడూ కాదనలేదు. నీకు కష్టమైనా చెప్పవు, అది నాకు బాగా తెలుసు. అందుకే నువ్వు చెప్పకముందే దారి తెరిచి పెడదామనుకున్నాను. అది నిన్ను గెంటేసినట్టు వినబడుతుందని తట్టలేదు. నీ మౌనాన్ని నేను తప్పు చదివాను, నా మాటని నువ్వు తప్పు చదివావు. ఆవిడకీ నీకూ మధ్య ఒక్క గోడే ఉంది, మనకి మధ్యన ఏకంగా ఓ కొండ.

గడువు సంగతి. మిగిలిపోయిన సన్న ఇనప కడ్డీలు ఇవ్వమని మేస్త్రిని అడిగాను. నర్సమ్మగారి వెనక వరండాకి సరిపడా జాలీ చట్రాలు వెల్డింగు చేసి ఈ లారీలోనే పంపుతున్నాను. కొలత పక్క వాటా మన వాటాకి జోడీయే కదా అని మన వరండాది వేశాను. దూది పగలంతా అందులో ఎండ కాచుకోవచ్చు, ఆవిడ గది తలుపు గోకక్కర్లేదు. గోడ మీద బిగించడానికి గుండ్రంగా తిరిగే గొట్టం కూడా ఉంది. పిల్లి కాలు వేస్తే దొర్లుతుంది, నిలబడలేదు. గుచ్చుకునేది ఏదీ పెట్టలేదని ఆవిడకి చెప్పు.

ఇంటాయన దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళండి. విడివిడిగా వెళ్తే ఆయన ఇద్దరికీ విడివిడిగా తల ఊపుతాడు. వాటాలు వదలమని కాదు, ఇంకో నెల చూడమని అడగండి.

నీ తమ్ముడు


ఆగస్టు 4

తమ్ముడూ,

నీ చట్రాలు వచ్చాయి. ఒకటి అడుగు పొడుగైంది. పక్క వాటా జోడీయే గానీ దాని వరండా మనదానికంటే అడుగు చిన్నది, నువ్వు మర్చిపోయావు. నర్సమ్మా నేనూ కలిసి ఆ మిగిలిన అడుగులో ఒక బల్ల బిగించాం. దూది ఆ బల్ల మీదే పడుకుంటుంది. వరండా మొత్తం దానిదైనా ఆ పొరపాటే దానికి నచ్చింది.

ఇంటాయన దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్ళాం. ఆయన మమ్మల్ని ఒక గుమ్మంలో చూసి ఇంకేదో గొడవనుకుని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పొద్దున కుక్కకి నడక, ఆవిడ పడుకున్నంతసేపూ నా పని గదిలో నా దగ్గరే; పిల్లి పగలంతా జాలీలో, సాయంత్రం తాడు కట్టి షికారు; ఏదైనా తేడా వస్తే చీటీ కాదు, తలుపు కొట్టడం. ఆవిడ ఒకటి చెప్తే నేనొకటి చెప్పాను. ఆయన విని, “ఇదంతా మొదటే చేసుకుంటే నాకు రెండు నెలల కునుకు మిగిలేది కదమ్మా” అన్నాడు. ఈ నెల చూస్తానన్నాడు. నిన్న మెట్ల మీద ఎదురై, పెద్దమనిషి తల మీద ఎవరూ చూడట్లేదనుకుని చెయ్యి వేశాడు. చూస్తాడులే.

అంతా సర్దుకుందని రాయను. సోమవారం పోస్టుమేన్ మీద వాడు గట్టిగా మొరిగాడు, నర్సమ్మ లేచింది. తలుపు కొట్టి, “అక్కా, ఇవాళ రెండు డ్యూటీలు, నన్ను చంపకండి” అంది. వాణ్ణి తీసుకుని చీకటి పడేదాకా చుట్టుపక్కల వీధులన్నీ తిరిగాను. ఇంటికొచ్చి వాడూ నేనూ గుమ్మంలోనే చతికిలబడ్డాం. కానీ ఆవిడ పడుకుంది.

నువ్వు వచ్చి వాణ్ణి తీసుకెళ్ళే రోజు గురించి మేమిద్దరం మాట్లాడుకోవడం మానేశాం. వంతెన పని పొడిగిస్తే పొడిగించనీ.

ఇంకొక్క మాట. ఇవాళ పొద్దున్న నర్సమ్మ డ్యూటీ నుంచి వస్తూ మా గుమ్మంలో ఆగింది. రాత్రి వార్డులో ఒక పాప గండం గడిచిందట. అలిసిపోయింది గానీ మొహం వెలిగిపోతోంది. ఆవిడ అడుగుల చప్పుడుకి పెద్దమనిషి లేచాడు. నేను అలవాటుగా మూతి మీద చెయ్యి వేశాను.

“వదలండక్కా” అంది. “నేను వచ్చేటప్పుడు ఒక్కసారి మొరగనివ్వండి. రాత్రంతా ఎవరెవరి కోసమో మేలుకుని వస్తాను కదా. నా కోసం ఎవరో మేలుకుని ఉన్నట్టుంటుంది.”

చెయ్యి తీశాను.

ఒక్కసారే మొరిగాడు.

నీ అక్క